పక్కింటి కిటికీ దగ్గర నా మొదటి ఓటు

మా ఇంట్లో ఓటున్నది నాకొక్కదానికే. పౌరసత్వ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి ఎలాగో గట్టెక్కాను. మా ఆయన చోంగ్‌నెంగ్ ఆ పరీక్ష జోలికే పోలేదు. జిన్సెంగ్ అనే మందువేరు పండించే తోటల్లో ఎండకూ వానకూ జంకని మనిషి, ఎవరైనా ప్రశ్నలడుగుతారంటే మాత్రం పెరటిదారి పడతాడు.

అమెరికా అధ్యక్ష పదవికి ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మా విస్కాన్సిన్ రాష్ట్రం వాళ్ళు చెప్పాల్సిన ఎన్నిక ఏప్రిల్ మొదట్లో వచ్చింది. దానికంటే ముందే కోవిడ్ వచ్చిపడింది. బయటికి వెళ్ళే పని లేకుండా నేను పోస్టులో బ్యాలెట్ తెప్పించుకున్నాను. వచ్చిన రోజు దాన్ని గోడమీది ఇంటిదేవుడి కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత కవరు మీద రాసింది కూడబలుక్కుని చదివాను. సాక్షి సంతకం కావాలట. ఆ సాక్షి ఈ దేశ పౌరుడై ఉండాలట.

"అంటే నేను పనికిరానన్నమాట" అన్నాడు మా ఆయన. "నువ్వు గురక పెడతావని సాక్ష్యం చెప్పమంటే ఏ కోర్టులోనైనా చెప్తాను. ఇది మాత్రం నా వల్ల కాదు."

"నీ గురకకు భయపడి పక్షులు ఊరొదిలి పోయాయి, ముందు దాని సంగతి చూడు" అన్నాను గానీ మనసు మనసులో లేదు. కొడుకు టూగెర్ పక్క రాష్ట్రంలో, సెయింట్ పాల్‌లో ఉన్నాడు. కోడలు అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు. తన నుంచి మాకెక్కడ అంటుకుంటుందోనని వాళ్ళు రావడం మానేశారు.

"పక్కింటాయన్ని అడగరాదూ?" అన్నాడు మా ఆయన.

పక్కింట్లో బెర్నార్డ్ గారు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఊపిరితిత్తులు దెబ్బతిని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో తిరుగుతారు. భార్య డొలోరెస్ పోయి ఏడాది దాటింది. ఎన్నో ఏళ్ళుగా నేను కంచె మీదుగా దోసకాయలు ఇస్తాను, ఆయన ఇయా అని నా పేరు పెట్టి పిలిచి థాంక్స్ అంటారు. మా మాటలన్నీ అక్కడితో సరి.

అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ ముందు వారమే కూరగాయల కొట్లో ఒకావిడ నన్ను చూసి బండి వెనక్కి లాక్కుని, "మీవాళ్ళే కదా తెచ్చింది దీన్ని" అంది. నేను లావోస్ కొండల్లో పుట్టిన హ్మోంగ్ మనిషినని, ఆ జబ్బు ఎక్కడ పుట్టిందో నాకూ తెలియదని చెబుదామనుకున్నాను. ఇంగ్లీషు మాటలు కూడబలుక్కునేలోపే ఆవిడ వెళ్ళిపోయింది. అప్పటినుంచి తెల్లవాళ్ళ తలుపు తట్టాలంటే చేయి లేవడం లేదు.

చివరికి మా ఆయనే నన్ను తోసినంత పనిచేశాడు. కరుగుతున్న మంచు బురదలో నడిచి వెళ్ళి, బెర్నార్డ్ గారి వంటింటి కిటికీ ముందు నిలబడి కవరు పైకెత్తి చూపించాను. ఆయన అద్దం కాస్త జరిపారు.

"ఏంటమ్మా ఇయా, దోసకాయల కాలం కాదే ఇది?"

"సంతకం కావాలండీ. సాక్షిగా. మీకు ఇబ్బందైతే వద్దు."

"ఇబ్బందేముంది! ఈ ఇంట్లో నా మాట వినేది రేడియో ఒక్కటే. నువ్వొచ్చావు, సంతోషం. ఖాళీ బ్యాలెట్ ముందు నాకు చూపించు. ఆ తర్వాత నువ్వు ఎవరికేస్తే నాకెందుకు, అటు తిరుక్కుంటాను."

"చూసినా ఫరవాలేదండీ, మీరు పెద్దవాళ్ళు."

"వద్దు తల్లీ. నా ఓటెవరికో డొలోరెస్‌కే ఎన్నడూ చెప్పలేదు. తనదీ నాకు చెప్పలేదు. కాపురం నిలబడిందంటే అందుకే."

పెరట్లో ఉన్న బొగ్గుల పొయ్యి మూత మీద కాగితం పెట్టి, గుర్తు పెట్టాను. కవరు అంటించి కిటికీ గట్టు మీద ఉంచి వెనక్కి జరిగాను. ఆయన సంతకం చేసి, "మొదటిసారా?" అన్నారు. అవునన్నాను. ఆయన కాఫీ కప్పు నా వైపు ఎత్తి, ఒక్క గుక్కలో తాగేశారు.

"మరి మీదో? మీకు నేను సంతకం చేయనా?" అన్నాను.

"నా బ్యాలెట్ ఇంకా రాలేదమ్మా. ఎక్కడ చిక్కుకుపోయిందో ఏమో."

నా కవరు ఆ రోజే పోస్టులో వేశాను. ఆయన బ్యాలెట్ మాత్రం ఎన్నిక ముందురోజు దాకా రాలేదు. ఆ మధ్యాహ్నం రేడియోలో ఎన్నిక వాయిదా అన్నారు. బెర్నార్డ్ గారు కంచె దగ్గరికొచ్చి, "హమ్మయ్య, బతికిపోయాను" అన్నారు. దీపాలు పెట్టే వేళకు కోర్టు వాయిదా కుదరదంది. ఎన్నిక రేపే. ఆయన మెట్ల మీద అలాగే కూర్చుండిపోయారు.

"కెనడీ అధ్యక్షుడిగా నిలబడ్డ నాటినుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు. ఈ గొట్టంతో ఆ గుంపులోకెళ్తే డాక్టరు నన్ను చంపేస్తాడు. జబ్బు సంగతి తర్వాత."

మా ఆయన అందుకున్నాడు. "లోపలికెళ్ళక్కర్లేదండీ. కారులో కూర్చుంటే వాళ్ళే బయటికొచ్చి వేయించుకుంటారట. నా కొడుకు ఫోన్లో చెప్పాడు. నాకు ఓటు లేకపోతేనేం, స్టీరింగుంది."

మర్నాడు నేను కుట్టిన మాస్కులు ముగ్గురం కట్టుకుని, కిటికీలన్నీ దించి బయల్దేరాం. ఆక్సిజన్ సిలిండరు వెనక సీట్లో ఆయన పక్కన. చలికి మా ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. పోలింగ్ జరిగే చర్చి చుట్టూ జనం దూరం దూరంగా వరస కట్టి ఉన్నారు. సిబ్బంది చాలక సాయానికి పిలిపించిన సైనికుల్లో ఒకామె, మామూలు బట్టల్లోనే, కారు దగ్గరికొచ్చి పేరడిగింది.

"వీళ్ళు మీకేమవుతారు?" అంది మమ్మల్ని చూసి.

"పక్కింటివాళ్ళు" అన్నారు బెర్నార్డ్ గారు. "ఈ ఊళ్ళో నాకు వీళ్ళకంటే దగ్గరివాళ్ళు లేరమ్మా."

ఆయన ఓటు వేస్తున్నంతసేపూ మేమిద్దరం దిగి, కారుకు వీపు పెట్టి నిలబడ్డాం. వరసలో ముందున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి మర్యాదగా టోపీ తీశాడు. కొట్లో ఆ ఆడమనిషి మాట ఆ రోజు నాకు గుర్తే రాలేదు.

ఆ వసంతమంతా దేవుడి దయవల్ల బెర్నార్డ్ గారికి జబ్బు అంటలేదు. ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఆయన్ని పెరట్లోకి పిలిచి, మూలికలు వేసి కోడిని ఉడకబెట్టి, ఉడికిన గుడ్డు చేతిలో పెట్టి, మా పద్ధతిలో మణికట్టుకు తెల్లదారాలు కట్టాం. మా ఆయన ఒక్కో దారం ముడివేస్తూ హ్మోంగ్ భాషలో గొణిగాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"మీ ప్రాణం మీ దగ్గరే ఉండాలని, దూరం పోయి ఉంటే తిరిగి రమ్మని."

ఆయన మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఎన్నాళ్ళుంచుకోవాలి?"

"కనీసం మూడు రోజులు."

"చాలవు" అన్నారాయన. కోడిపులుసు గిన్నె దగ్గరికి లాక్కుని, "ఇది ఇంకాస్త ఉందా?" అని అడిగారు.