మౌళి కాక బ్లాక్

చంద్రమౌళి పాత వీడియో గేమ్ మెషిన్ ఎడమ సీటు జాయ్‌స్టిక్ విప్పి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో లోపలి స్విచ్చులు తుడుస్తున్నాడు. ఎర్ర గుండు ఉన్న పుల్లను పక్కకు వంచి వదిలాడు. స్ప్రింగు బాగుంటే అది టక్కున నిటారుగా నిలబడాలి. ఇది బద్ధకంగా సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొత్త స్ప్రింగు చొక్కా జేబులో కాగితం పొట్లంలో ఉంది, వారం రోజులుగా. "రేపు ఏద్దాం తీయ్" అనుకుని మళ్లీ మూత బిగించాడు. ఈ మనిషి రేపటికి నెట్టని పని ఒక్కటుంటే చూపించండి!

పొద్దున నెక్కొండలో రైలెక్కేముందు భార్య కళావతితోనూ అదే మాట. ఛాతీలో పట్టేసినట్టుందని రాత్రి తనే అన్నాడు. "దవాఖానకు పోదాం పా" అని ఆమె చెప్పులేసుకుని నిలబడితే, "గ్యాస్ అయ్యుంటది, ఐతారం పోదాం" అని సంచి భుజానికి తగిలించుకుని వచ్చేశాడు. ఆమె గుమ్మంలోనే చెప్పులు విప్పేసింది. గోడతో ఎవరు వాదిస్తారు?

హన్మకొండ నైంనగర్‌లో జిరాక్స్ షాపు పైన వీరభద్రం గేమ్ సెంటర్. కుర్రాళ్లంతా టీవీల ముందు ఆడుకుంటుంటే, మూలన ఇద్దరు పక్కపక్కన కూర్చుని కొట్లాడే పాత మెషిన్ ఒకటుంది. దాన్ని బాగుచేయగలిగినవాడు వరంగల్ మొత్తం మీద చంద్రమౌళి ఒక్కడే. సన్నటి మనిషి, యాభై మూడేళ్లు, ముంజేతుల నిండా సోల్డరింగ్ మచ్చలు. ఎడమ అరచేతిలో మాత్రం గుండ్రటి కాయ. ముప్ఫయ్యేళ్లు ఆ గుండును వెనక్కి పట్టుకుంటే కాసిన కాయ అది.

ఆ ఆటలో పుల్లను వెనక్కి పట్టుకుంటే బొమ్మ చేతులడ్డం పెట్టుకుంటుంది. దాన్నే బ్లాక్ అంటారు. చంద్రమౌళి మొదట్లో ఒక్క గుద్దు గుద్దుతాడు, అంతే. ఆపైన స్క్రీన్ అంచుకు పోయి అడ్డం పెట్టుకుని నిలబడతాడు. గడియారం తొంభై తొమ్మిది నుంచి సున్నాకు వచ్చేసరికి ఎదుటివాడి కంటే ఆయనకే పిసరంత ప్రాణం ఎక్కువ మిగులుతుంది. కుర్రాళ్లు జుట్టు పీక్కునేవాళ్లు. బతుకంతా అంతే ఆడాడు. తమ్ముడు పొలం గట్టు జరిపితే "కానియ్" అన్నాడు. వీరభద్రం పదిమందిలో తిడితే స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. ఎదురు దెబ్బ కొట్టడమన్నది ఆ మనిషికి తెలియదు.

మెషిన్ పైన గోడమీద ఆయనే మార్కర్‌తో రాసిన రూలొకటుంది: ఆట నడుస్తుండగా ఆడేవాళ్లను ముట్టుకోవద్దు, పలకరించవద్దు. ఒకప్పుడు ఎవరో భుజం తట్టడం వల్ల ఒకడు ఓడిపోతే, ఇద్దరూ తలలు పగలగొట్టుకున్నారట. అప్పటినుంచి యజమాని వీరభద్రం కూడా ఆ రూలు దాటలేదు.

నాలుగున్నరకు లావణ్య వచ్చింది. పాలిటెక్నిక్ మూడో సంవత్సరం, మనిషి బెత్తెడు, కోపం బారెడు. రేపు పొద్దున్నే హైదరాబాదులో పోటీ. పోయిన ఏడాది అదే పోటీలో ఊరికే బ్లాక్ చేస్తూ కూర్చున్న ఒకడి చేతిలో మొదటి ఆటకే ఓడి, అందరూ నవ్వితే ఏడ్చుకుంటూ వచ్చింది. ఈసారీ ఓడితే ఆటకు దండం పెట్టాలని వాళ్ల నాన్న షరతు.

"కాకా, ఇయ్యాల నీ బ్లాక్ ఇరగ్గొట్టకుంట ఇంటికి పోను," అంది సంచి కింద పడేస్తూ.

"కొట్టు బిడ్డా. నేనేడికి పోత?" అని ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడు.

అయిదు ఆటలాడారు. ఆమె ఒక్క రౌండు గెలిస్తే ఒట్టు! బ్లాక్‌ను విరగ్గొట్టే దారి ఒక్కటే: దగ్గరికి పోయి గుంజి పడేయడం. కానీ గుంజినప్పుడు ఎదుటివాడు రెప్పపాటులో బటన్ నొక్కితే తప్పించుకుంటాడు. చంద్రమౌళి ప్రతిసారీ తప్పించుకుంటున్నాడు. లావణ్య ఉడికిపోయి మళ్లీ గుద్దుల మీద గుద్దులు గుద్దుతోంది.

"ఎందుకట్ల మీదపడ్తానవ్? రెండడుగులెయ్యి, ఆగు. వాడు గుద్దుతదనుకుంటడు. అప్పుడు గుంజు."

"నువ్వు ఆగనిస్తవా? గంటసేపు అట్లనే నిలబడ్తవ్. నీకేం పోదు!"

"ఎందుకు పోదు? బ్లాక్ చేసినా జరజర ప్రాణం పోతనే ఉంటది బిడ్డా. కనబడది, అంతే."

ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఏంది కాకా గీ చెమట?" అంటే, "ఫ్యాన్ సరిగ తిరుగుతలేదు. నా దిక్కు చూడకు, బొమ్మను చూడు. పక్కకు చూసినోడు ఓడ్తడు," అన్నాడు. ఆమె ఇక చూడలేదు.

ఆరో ఆట. ఎప్పటిలాగే ఆయన బొమ్మ ఒక్క గుద్దు గుద్ది, వెనక్కి నడిచి అంచుకు పోయి చేతులు అడ్డం పెట్టుకుంది. లావణ్య తన్నింది. బ్లాక్. గుద్దింది. బ్లాక్. చంద్రమౌళి జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. ఆయన ఎత్తలేదు. ఆటలో ఉన్నప్పుడు ఎప్పుడెత్తాడు గనుక! వెనక నిలబడ్డ కుర్రాళ్లు "కాకనా మజాకా! కొండ లెక్క కూసున్నడు సూడు," అని గుసగుసలాడుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు, పలకరించలేదు.

గడియారంలో ముప్ఫై మిగిలాయి. లావణ్య ఊపిరి బిగబట్టింది. ఒకడుగు వేసింది, రెండో అడుగు వేసింది, ఆగింది. గుంజింది.

బొమ్మ కింద పడింది! ఆయన తప్పించుకోలేదు. మళ్లీ లేచి చేతులు అడ్డం పెట్టుకుంది. మళ్లీ రెండడుగులు, మళ్లీ గుంజుడు. మళ్లీ పడింది. మూడోసారి, నాలుగోసారి. ఆయన ప్రాణం గీత మొత్తం ఖాళీ అయింది.

"గెలిచిన! కాకా, గెలిచిన!" లావణ్య కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. కుర్రాళ్లు ఈలలేశారు. కౌంటర్ దగ్గర్నుంచి వీరభద్రం కూడా నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం మౌళీ, ఆడపిల్ల చేతుల ఓడిపోతివి!" అని, రౌండు అయిపోయింది గదా అని, భుజం మీద చెయ్యి వేశాడు.

చంద్రమౌళి మెషిన్ పక్క చెక్కకు ఒరిగి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. స్క్రీన్ వెలుగు వాటిలో ఎర్రగా, నీలంగా మారుతోంది. ఎడమ చేయి గుండు మీదే ఉంది. వీరభద్రం ఆ చేయి పట్టుకుని, చల్లగా తగిలేసరికి చటుక్కున వదిలేశాడు.

"మౌళీ... అరే మౌళీ!"

దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టి చూసి, కళ్లలోకి టార్చి వేసి, "ఎంతసేపైంది ఇట్లుండి?" అని అడిగాడు. ఎవరు చెప్పగలరు? ఒక్కడి చుట్టూ పదిమంది నిలబడి, మనిషి పోతుంటే ఈలలు వేశారు! వీరభద్రం చేతిలో మౌళి ఫోన్ మళ్లీ మోగింది. కళావతి. "ఎందుకెత్తుతలేవ్? నేను మందులు పట్కొని బండెక్కిన, టేషన్ల దిగుత, దవాఖానకు ఇయ్యాల్నే పోదాం," అంటోంది. వీరభద్రం "అక్కా" అన్నాడు.

లావణ్య గోడకు చేరగిలబడి కూర్చుంది. ఫోన్ మోగినప్పుడు ఉన్నాడా? మొదటిసారి గుంజినప్పుడు? నాలుగుసార్లు పడేసిందే, ఎవరిని పడేసింది? జీవితంలో మొట్టమొదటిసారి మౌళి కాకను గెలిచింది. గెలిచిందో లేదో ఇక ఎవరిని అడగాలి?

చీకటి పడేలోపు సంచి కోసం గేమ్ సెంటర్‌కు వచ్చింది. హడావుడిలో ఎవరూ మెషిన్ కట్టేయలేదు. కుర్చీ కింద కాగితం పొట్లం విడిపోయి ఉంది, కొత్త స్ప్రింగు పక్కకు దొర్లింది. ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఎదురుగా ఎడమ సీటు ముందు, చెయ్యి తీసేసినా నిటారుగా లేవకుండా, ఎర్ర గుండు పుల్ల ఇంకా వెనక్కే ఒరిగి ఉంది.