ఆమె నొప్పికి నేను వేసిన అంకె

నా భార్య లక్ష్మీదేవమ్మకు నిజంగానే నొప్పి ఉందా, లేక మగ్గం పని తప్పించుకోవడానికి చెబుతోందా? పన్నెండేళ్లుగా ఈ అనుమానం నన్ను వదల్లేదు. రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుంటాను. అయినా పోలేదు.

మాది ధర్మవరం. పట్టుచీర అంచు నేసేటప్పుడు మగ్గానికి అటువైపు ఇంకొకరు కూర్చోవాలి. మా ఇంట్లో అక్కడ కూర్చునేది ఆమే. పొత్తికడుపులో పోటు వచ్చి మూత్రానికి గంటకు మూడుసార్లు లేచేది. ఆమె లేస్తే మగ్గం ఆగిపోయేది.

"మళ్ళా లేస్తివా?" అనేవాణ్ణి. ఆ మాటకు భయపడి నీళ్లు తాగడమే తగ్గించింది.

హిందూపురంలో ఒక ఆసుపత్రివాళ్లు ఇలాంటి నొప్పి ఉన్న ఆడవాళ్ల మూత్రం పరీక్షిస్తున్నారని తెలిసి తీసుకుపోయాను. ఆమెకు నయమవుతుందని కాదు, నిజమో అబద్ధమో తేలిపోతుందని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మూత్రం పట్టే సీసాతో పాటు ఒక కాగితం ఇచ్చారు. ప్రతి ప్రశ్నకూ బాధ ఎంతో సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. ఆమెకు చదువు రాదు. మూత్రం గురించీ, మొగుడూపెళ్లాల సంగతి గురించీ ప్రశ్నలున్నాయి. చుట్టూ జనం. ఆమెను అడగకుండానే అన్నిటికీ రెండు వేసి ఇచ్చేశాను.

నర్సు మాధవీలత కాగితం చూసి, "ఇవి ఎవురు చెప్పినారన్నా?" అంది.

"నేనే రాసినామ్మా. ఎట్లాగూ మూత్రంలో తెలిసిపోతాది కదా."

"మూత్రంలో కొందరికి తెలుస్తాది, కొందరికి తెలీదు. మూత్రంలో కనబడేది అక్క చెప్పే నొప్పితో కలుస్తాదా లేదా అనేదే మేము చూస్తాండేది. ఎంత నొప్పో అక్కనే చెప్పల్ల. నొప్పి నీకా, అక్కకా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. కొత్త కాగితం తీసుకుని, ఆమెను మెట్ల పక్కన కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చదివాను.

"తొమ్మిది," అంది. తర్వాతదానికీ తొమ్మిదే. చివరిదాకా ఏదీ తొమ్మిది దాటలేదు.

"దేనికీ పది లేదా?"

"పదంటే నువ్వు నమ్మవు కదయ్యా."

చెవులిచ్చిన దేవుడు వినడం కూడా ఇచ్చి ఉండకూడదా? లేక అది నేనే నేర్చుకోవాల్సిందా?

"నమ్ముతా. చెప్పు," అన్నాను. మొదటి నుంచి మళ్లీ చదివాను. మూడు చోట్ల పది వేశాను.

తిరుగు బస్సు పెనుకొండ దాటాక ఆమె కొంగు బిగించి పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఏడేళ్ల కిందట ఇదే దారిలో బస్సు ఆపించమని నన్ను అడిగింది. జనం నవ్వుతారని నేను లేవలేదు. తడిసిన చీరతో ధర్మవరంలో దిగింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

లేచి నిలబడ్డాను. "బస్సు ఆపప్పా! మా ఆడమనిషి మూత్రానికి పోవల్ల."

"ఇప్పుడే కదప్పా పెనుకొండలో ఆపింది!" అన్నాడు కండక్టరు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆమెకు జబ్బు. ఆపు."

పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగింది. ఆమె వచ్చేదాకా మెట్టు మీదే నిలబడి, చెయ్యి అందించి ఎక్కించుకున్నాను.