గోడ మీది రెక్క

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఎవరన్నారో గాని, వాళ్ళింట్లో తప్పకుండా ఇద్దరు కోడళ్ళుండి ఉంటారు. మా ఇంట్లో చెవులు నేను. కొమ్ములు మా తోడికోడలు.

మా అత్తగారిది పాత గోడల మీది బొమ్మలు బాగుచేసే పని. రంగు రాలిన చోట, పెచ్చులూడిన చోట, అసలు బొమ్మను ముట్టుకోకుండా ఖాళీని మాత్రమే పూరించాలి. దానికి ఆవిడ పద్ధతి ఒకటే. సన్నని కుంచెతో నిలువు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. పదడుగుల దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉండాలి. ముక్కు ఆనించి చూస్తే ఏది పాతదో ఏది మనదో తెలిసిపోవాలి. పైగా మనం వేసింది తడి దూదితో తుడిస్తే పోవాలి, రేపు మనకంటే తెలిసినవాళ్ళు రావచ్చు కదా. ఈ పనిలో సంతకం ఉండదు. మెచ్చుకోలు అసలే ఉండదు. "మొహం మీద మెచ్చుకుంటే మర్నాటికి చెయ్యి వణుకుతుంది" అంటుంది ఆవిడ. పదిహేనేళ్ళుగా నా చెయ్యి ఒక్కసారీ వణకలేదు. ఎంత మెచ్చుకుందో మీరే ఊహించుకోండి.

మా మరిది భార్య వచ్చి మూడేళ్ళయింది. నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారు ఒకటి చెబితే రెండుసార్లు తలూపుతుంది. "అక్కా, ఈ రంగు సరిపోయిందా?" అని నన్నడుగుతుంది, సరిపోయిందని తనకి తెలిసి కూడా. మంచి పిల్లే. అదే నాకు ఒళ్ళుమంట. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని హాయిగా పడుకునేదాన్ని.

ఈసారి పని పాత గ్రంథాలయంలో. పెద్ద హాలు, గోడల నిండా తీగలు, తీగల మీద పక్షులు, పైకప్పంతా ఆకాశం. ఆ ఆకాశం సగం పొగచూరింది, సగం చెమ్మకి ఉబ్బింది. నా పెళ్ళైన ఏడాది కూడా ఇక్కడ కొన్ని నెలలు పనిచేశాను. అప్పుడిది ఆఫీసు. హాలుని చెక్క అడ్డుగోడలతో ఎనిమిది గదులు చేసి, గదికి రెండేసి బీరువాలు పెట్టారు. బీరువా జరిపిన సందులో, స్టూలు మీద, బల్బు వెలుగులో, అత్తగారు వేలు పెట్టి చూపించిన చోటల్లా గీతలు గీసేదాన్ని. ఏ సందులో ఏం గీశానో నాకేం గుర్తు? ఇప్పుడు అడ్డుగోడలు తీసేసి కిటికీలు తెరిచారు. నాకిదంతా కొత్త చోటే.

నాకు కావలసింది పైకప్పు. గోడలు తలా ఒకటి చేయొచ్చు. పైకప్పు మాత్రం ఒక్క చేతి మీదే నడవాలి, చెయ్యి మారితే కిందనుంచి తెలిసిపోతుంది. రెండేళ్ళ పని. అత్తగారి మోకాళ్ళు ఇక పరంజా ఎక్కనివ్వవు. ఆవిడ బదులు పరంజా ఎక్కే మనిషే రేపు ఈ పనికంతటికీ పెద్ద. అది నేను కాక ఇంకెవరు అనుకుంటూ ఇన్నేళ్ళు ఓపిక పట్టాను.

ఆ సోమవారం అత్తగారు తూర్పు మూలలో తెర కట్టించి చిన్నదాన్ని అందులోకి పంపింది. "నాలుగు రోజులు ఇక్కడే కూర్చో" అంది. నన్ను కిటికీల కింద ఉప్పు పట్టిన గార దులపమంది. దులిపాను. తెర వెనక ఏం నడుస్తోందో అడగలేదు. అడిగితే చిన్నతనం.

శుక్రవారం మధ్యాహ్నం గ్రంథాలయం తరఫున పని చూసే ఇంజనీరు వచ్చాడు. అత్తగారు తెర పక్కకి లాగి ఆయనకి చూపిస్తూ అన్న మాటలు నా చెవిన పడ్డాయి.

"ఆ పక్షి రెక్క చూశారా? మా ఇంట్లో అంత మంచి చెయ్యి ఇంకోటి లేదు. పైకప్పు ఆ చేతికే. సోమవారం మీ పెద్దల్ని తీసుకురండి, ఈ రెక్కే చూపిద్దాం."

నా కడుపులో ఎవరో నిప్పు రాజేశారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ బయటికి నడిచారు. చిన్నది అన్నం డబ్బా తీసుకుని వెళ్ళింది. నేను తూర్పు మూలకి వెళ్ళాను.

దూరం నుంచి చూస్తే పక్షి ఎగరబోతోంది. దగ్గరికెళితే గీతలు. ఒక్కో గీత ఒక్క ఊపిరిలో లాగినట్టుంది, ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. నీలం పక్కన మట్టిరంగు, దాని పక్కన పలచటి పసుపు. ఈకల అంచున గీతలు కాస్త దగ్గరపడి, నల్లరంగు ముట్టుకోకుండానే నీడ తెచ్చాయి. తప్పు వెతికాను. ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు, క్షమించేద్దామనుకున్నాను. దొరకలేదు. ఈ జన్మలో నాకిలా రాదు అనిపించింది. మూడేళ్ళ దానికి వచ్చింది, పదిహేనేళ్ళ దానికి రాలేదు.

తరవాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. దూది తడిపాను. మా నియమం ప్రకారమే రంగు చక్కగా పోయింది, పాత బొమ్మకి చుక్క కూడా అంటలేదు. ఐదు నిమిషాల్లో రెక్క ఉన్నచోట తెల్లటి గార మిగిలింది. దూది బయట పారేసి, తెర లాగేసి, వెళ్ళి అన్నం తిన్నాను.

శని, ఆదివారాలు ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరిగాను. "ఏంటి, మంచి హుషారుగా ఉన్నావ్?" అన్నాడు మా ఆయన. "ఉండకూడదా?" అన్నాను.

సోమవారం గ్రంథాలయం పెద్దలు ఇద్దరు, వాళ్ళ వెనక ఇంజనీరు వచ్చారు. అత్తగారు తెర లాగింది. లాగిన చెయ్యి తెర మీదే ఉండిపోయింది.

"చిన్నమ్మాయ్, ఏం చేశావిక్కడ?"

చిన్నదాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ముట్టుకోలేదత్తయ్యా. మీరు చూడమన్నారు, చూశాను. నాలుగు రోజులూ ఒక్కో గీతా కాగితం మీదకి ఎక్కించుకున్నాను, నేర్చుకుందామని. అంతే."

నేర్చుకోవడమేమిటి? ఎవరి గీతలు?

అత్తగారు సంచిలోంచి పాత ఫైలు తీసి ఒక ఫోటో పెద్దల చేతిలో పెట్టింది. నేను వాళ్ళ భుజాల మీదుగా చూశాను. బీరువా సందులో, స్టూలు మీద, వెనక్కి తిరిగి ఒక అమ్మాయి. జడ అడ్డమొస్తుందని కొస నడుముకి దోపుకుంది. ఆమె ముందు సగం పూర్తయిన రెక్క. అంత జడ మా ఇంట్లో ఒక్కదానికే ఉండేది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు.

"ఇది మా పెద్దమ్మాయి వేసింది, పెళ్ళైన ఏడాది" అంటోంది అత్తగారు. "ఇన్నేళ్ళలో గీత చెదరలేదు. చిన్నదానికి నేర్పడానికి ఇంతకంటే మంచిది లేక దీని ముందు కూర్చోబెట్టాను. పైకప్పు పెద్దదానికే అని ఇంజనీరుగారితో కూడా అన్నాను."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు మూసుకుంటే చాలు. నింద చిన్నదాని మీద పడుతుంది, పైకప్పు నాకొస్తుంది. అదేమో ఏడుపు ఆపుకుంటూ నా వైపే చూస్తోంది. అనుమానంతో కాదు. అక్కా, నువ్వైనా చెప్పు అన్నట్టు.

"నేనే తుడిచానత్తయ్యా."

"నువ్వా? ఎందుకు?"

"చిన్నది వేసిందనుకున్నాను."

"అనుకుంటే? బాగాలేదా?"

"బాగుంది" అన్నాను. "అందుకే."

పెద్దలు కిటికీల వైపు చూడసాగారు. అత్తగారు ఫోటో తీసుకుని ఫైల్లో పెట్టి తాడు బిగించింది.

"వేసిన చేతికి ఇద్దామనుకున్నాను" అంది. "తుడిచింది కూడా ఆ చెయ్యే అయితే నేనేం చెయ్యనమ్మా?"

పైకప్పు చిన్నదానికి ఇచ్చారు. రెక్క మళ్ళీ వెయ్యడం నా పని. గీతలు ఎక్కించుకున్న కాగితం చిన్నదే తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇవాళ్టికి మూడుసార్లు వేశాను, మూడుసార్లు తుడిచాను. గీత సగంలో ఆగుతోంది. పైన పరంజా చెక్కలు కిర్రుమన్నాయి.

"అక్కా, కుదిరిందా?"

"ఇంకా లేదే."

కాగితం మీది గీతలు మళ్ళీ చూశాను. అప్పట్లో ఒక్కోటి ఒక్క ఊపిరిలో లాగేసింది, మెచ్చుకునే దిక్కు లేకపోయినా. దాన్ని చూస్తే ఇప్పటికీ కడుపు మండుతోంది. ఫోటోలో స్టూలు మీద కూర్చున్న ఆ జడ పిల్లని ఏమని తిట్టుకోను?