కిష్టవ్వ దరఖాస్తు, ఐదు కాపీలు

హలో, అందరికి నమస్తె. తిన్నరా? జర ఐదు నిమిషాలు లైన్ల ఉండున్రి, ఒక ముచ్చట చెప్త.

నేను పోచయ్యను. నాంపల్లిల ఆఫీసుల గల్లీల గొడుగు కింద టేబులేసుకోని దరఖాస్తులు రాసిస్త. ఇర్వై ఆరేండ్ల సంది గదే పని. మొదలు టైపు మిషనుండె, గిప్పుడు లాప్‌టాపు, చిన్న ప్రింటరు. పదో తరగతి తప్పిన, గని అబిడ్స్‌ల టైపు నేర్చుకున్న. ఇండ్ల తప్పులుంటె మీరే సక్కగ సదువుకోండ్రి.

ఇయ్యాల చెప్పేది వనిత గురించి. మా అన్న బిడ్డ. అబిడ్స్‌ల బట్టల షోరూముల చీరల కాడ నిలవడ్తది. మంగళారం సెలవు. దాంతోపాటు దూరవిద్యల ఎమ్మే చేస్తుంది, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. గదేందే అని ఒకసారి అడిగిన.

"సర్కారు ఎట్ల నడుస్తదో సదువుడు కాక."

"గది నేను రోజు సూస్తనే ఉన్న గదనే."

"నువ్వు కాగితాలు తీసుకునే కిటికీ దాక సూసినవ్. కిటికీ లోపల కాగితం ఏమైతదో చెప్పు."

నిజంగనే నాకు తెల్వదు. వేల దరఖాస్తులు రాసిన, అన్ని ఆ కిటికీల పడ్డయ్. తర్వాత యాడికి పోతయ్, ఎవలు సదువుతరు, ఎవలు సంతకం పెడ్తరు? ఒక్కనాడు గూడ అడగలే. ఆ దినం సంది నాకు గదే దిమాక్‌ల తిరుగుడు.

వనితకు పేపర్లన్ని పాసైనయ్, ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. మొదటిసారి ఇచ్చింది వాపసొచ్చింది, నెట్ల నుంచి ఎత్తిందని. ఆమె గైడు జానకి మేడం, అబిడ్స్ స్టడీ సెంటర్ల ఉంటది. కోస్తా వాళ్లు, ఆమె తాత కాలంలనే ఇక్కడికొచ్చి స్థిరపడ్డరు. ఆ మేడం కరాఖండిగ చెప్పిందట. "చూడు వనితా, నీ కళ్ళతో చూసింది రాయి. పదిహేను పేజీలైనా చాలు. జూన్ ముప్పైకి నీ అయిదేళ్ళ గడువు అయిపోతుంది. ఈసారీ తిరిగొస్తే నువ్వు పాసైన పేపర్లన్నీ పోయినట్టే, నేనేం చేయలేను."

గందుకే వనిత ఒక ఆలోచన చేసింది. నా టేబులు మీదికెళ్లి పోయే ఒక్క దరఖాస్తు వెంబడి తిరగాలె, పని అయ్యేదాక. అది యాడ ఆగితె ఆమె గాడ ఆగాలె. నాకైతె మస్తు సంబురమైంది. నాకు గూడ తెలుస్తది గద.

ఫిబ్రవరిల కిష్టవ్వ వచ్చింది. కాచిగూడల ఇండ్లల్ల పని చేస్తది. రేషన్ కార్డుల మనుమరాలి పేరు ఎక్కించాలె. నేను ఎప్పటి తీర్గనే రాసిన. అన్నిట్కి మీదున్న పెద్దసారు హోదా మోటు అక్షరాలల్ల, దాని కింద రెండు గీతలు. ఆఖర్ల "కాపీ టు" అని ఇంక నలుగురు సార్లు. నా దగ్గరికి జనం వచ్చేది గందుకే. ఒకలు పక్కకు పెట్టినా ఇంకొకలు సూస్తరని నా నమ్మకం.

"అందరికి ఏసినవా అన్నా?" అన్నది కిష్టవ్వ.

"అందరికి ఏసిన. ఫికర్ జెయ్యకు."

వనిత యూనివర్సిటీ లెటరు పట్టుకోని లోపలికి పోయింది. గాడ సూపరింటెండెంటు ప్రసన్నకుమార్ సారు. ఆయన అద్దాల మీదికెళ్లి సూసి, "ఏమ్మా, పేపరామెవా?" అన్నడట.

"కాద్సార్, స్టూడెంటును. చీరల షోరూముల పని చేస్త."

"చీరలమ్మేటోళ్లకు ఫైళ్లెందుకమ్మా?"

"చీర అమ్మాలంటె గోదాంల ఏ అరల ఉందో తెల్వాలె గద సార్. గిది గూడ గంతే."

సారు నవ్విండట. మంగళారం మంగళారం మూలకున్న బల్ల మీద కూసో, ఫైలు మాత్రం ముట్టకు అన్నడు.

ఇగ ప్రతి మంగళారం సాయంత్రం ఆమె నోటుబుక్కు తెచ్చుడు, నేను స్టూలు జరుపుడు. "ఆఁ, తర్వాత?" అనుడు. కిటికీల పడ్డ కాగితానికి ముద్దరేస్తరు, నంబరేస్తరు. ఆ దినం వచ్చినయన్ని ఒక అట్టల పెట్టి పెద్దసారు రూముకు మోస్తరు. పెద్దసారు టూర్ల ఉంటె గాడనే నిద్ర. వచ్చినంక ఆకుపచ్చ సిరాతోని మూలకు చిన్న సంతకం పెడ్తడు, గంతే. అంటె సదివినట్టా అని అడిగిన. "సూసినట్టు కాక, సదివినట్టు కాదు" అన్నది. ఆడికెళ్లి ఒక్కొక్క మెట్టు కిందికి దిగి, పని చేసే క్లర్కు కాడికి వస్తది. ఆ క్లర్కు పేరు వెంకటేశ్.

నాలుగో వారానికి కాగితం వెంకటేశ్ టేబులు మీదికొచ్చిందన్నది. ఐదో వారం అడిగితె గాడనే ఉందన్నది. ఆరో వారం గూడ గాడనే. "ఎందుకాపిండే?" అంటె, "ఇంక తిరుగుతుంది కాక" అని బుక్కు మూసింది. టేబులు మీదున్న కాగితం ఎట్ల తిరుగుతదో నాకు సమజ్ కాలే. ఆమె మొకం గూడ మంచిగ లేకుండె.

ఏప్రిల్ల, అప్పటిదాక రాసిన పన్నెండు పేజీలు నా ప్రింటరు మీదనే తీసి, ఇద్దరం కలిసి అబిడ్స్ పోయినం. జానకి మేడం మొత్తం సదివింది. అద్దాలు తీసింది.

"ఎక్కడెక్కడికి వెళ్ళిందో చక్కగా రాశావ్. నలభై మూడు రోజులైనా ఎందుకు తేలలేదో ఎక్కడా లేదు. నీకు కారణం తెలుసమ్మా. దాస్తున్నావ్."

వనిత నేల సూసింది. నేను వనితను సూసిన.

బయటికొచ్చినంక జీపీఓ దాక నడిచినం. ఆడ నేనే ఆపిన. "ఏందే అది?"

"ఏం లేదు కాక."

"ఆరు వారాలు కథ చెప్పి గిప్పుడు ఏం లేదంటె ఎట్లనే?"

అప్పుడు చెప్పింది. కిష్టవ్వ దరఖాస్తు ఐదు కాపీలు ఐదు తొవ్వలల్ల పోయినయ్. ఐదుటికి ఐదు నంబర్లు పడ్డయ్, అన్ని తిరిగి తిరిగి ఆ ఒక్క వెంకటేశ్ కాడికే రావాలె. మూడొచ్చినయ్. ఒకటి లక్డీకాపూల్ ఆఫీసుకు పోయి ఇంక తిరిగి రాలే, ఇంకోటి మీదనే ఉంది. మూడిట్ల ఒకటి తేల్చినా మిగిలిన నంబర్లు పెండింగ్ అనే చూపెడ్తయ్, ఎందుకాపినవని మీదికెళ్లి మెమోలొస్తయ్. గందుకని ఆయన ట్యాగేసి పక్కకు పెట్టిండు. ఐదు వస్తె ఒక్కసారి తేల్చొచ్చని.

"అంటె ఆలస్యం నా కాపీలతోనా?"

"నీ కాపీలతోనే కాక."

నాకు కోపమొచ్చింది. మొదటి సంవత్సరంల ఒక రైతుకు ఒక్క కాగితం రాసిచ్చిన, అది లోపల పోయింది. ఆయన మళ్లొచ్చి నా టేబులు కాడ ఏడ్చిండు. ఆనాటి సంది ఐదు. గది తప్పంటె నేనెట్ల ఒప్పుకుంట? "నీ ఎమ్మేకు నేనే దొరికిన్నా?" అని ఆటో ఎక్కిన.

మూడు దినాలు ఫోనెత్తలే. ఇంట్ల జంగమ్మ, అంటె నా భార్య, ఊకోలే. "పిల్ల ఐదేండ్ల సదువు నీ రెండు గీతల కింద పెట్టి కూసున్నవ్. నీ పేరు ఉంటె సాలా?" అన్నది. అన్నం గూడ కంచం పెట్టి ఎళ్లిపోయింది, ఏసుకొని తినుమని.

నాలుగో దినం నేనే కిటికీ దాటి లోపలికి పోయిన. ఇర్వై ఆరేండ్లల్ల మొదటిసారి. ప్రసన్నకుమార్ సారు, "ఏం పోచయ్యా, నువ్వు గూడ ఎమ్మేనా?" అన్నడు.

"లేద్సార్. నా కాగితాలు యాడుంటయో సూడనీకొచ్చిన."

వెంకటేశ్ ఎనుక అల్మార ఉంది. దగ్గరికి పోయి సూస్తె కట్టలు కట్టలు, అన్నిట్ల నా అక్షరాలే. మోటువి, కింద రెండు గీతలు. వెంకటేశ్ తలకాయ ఎత్తకుండనే, "ఈ రెండు గీతలాయన ఎవలో ఒక్కసారి దొరికితె బాగుండు" అన్నడు.

"నేనే సార్" అన్న.

ఆయన పెన్ను పెట్టిండు. కుర్చీ జరిపిండు. తిడ్తడనుకున్న, గని చాయ్ చెప్పిండు. గంటసేపు ఏ పని ఏ సెక్షన్లదో చెప్తుంటె రాసుకున్న. కిష్టవ్వ సంగతి గూడ అడిగిన. ఐదూ ఒక్కటే దరఖాస్తని ఆమెతోని రాయించి సంతకం తెస్తె ఇయ్యాలనే కలుపుత అన్నడు. రాసిచ్చినం. వారం తిరగకముందె మనుమరాలి పేరు ఎక్కింది.

అయినా నా మనసు ఒప్పలే. ఒక్కదానితోని ఏం తెలుస్తది? గందుకే కార్డుల పేరు ఎక్కించేటియి ఇర్వై దరఖాస్తులు తీసుకున్న. వచ్చినోళ్లకు సంగతి చెప్పి అడిగినంకనే రాసిన. పది పాత తీర్గ, పది ఒక్క సెక్షన్ సారుకే. "గింత చిన్న సారుకా?" అని ఇద్దరు లేచి పోయిన్రు గూడ. మే నెల సగం అయ్యేసరికి ఒక్క కాపీవి ఎనిమిది తేలినయ్. రెండు వాపసొచ్చినయ్, ఆ బస్తీలు వేరే సెక్షన్లవి, నేనే తప్పు రాసిన. పాత తీర్గవి ఒక్కటే తేలింది. మిగిలిన తొమ్మిది మందిని పిలిచి, కిష్టవ్వ లెక్కనే కలిపే కాగితం రాసిచ్చిన.

ఆ నోటుబుక్కు తీస్కపోయి షోరూముల చీరల మీద పెట్టిన. వనిత సదివింది, ఆనాటి రైతు ముచ్చట గూడ నాతోని చెప్పించుకున్నది.

"కాక, నీ పేరు ఎయ్యను. ఒక రైటరు అని రాస్త."

"ఎయ్యి. నా అక్షరాలు అందరు గుర్తు పడ్తున్నరు, పేరు దాస్తె ఏం లాభం?"

జూన్ పద్దెనిమిదికి వైవా. నేను స్టడీ సెంటరు బయట బెంచీ మీద కూసున్న. తలుపు సందులకెళ్లి మాటలు వినవడ్డయ్. వైవా చేయనీకి వేరే యూనివర్సిటీకెళ్లి వచ్చిన పెద్దాయన అడుగుతున్నడు, "తప్పు ఈ పోచయ్యదే అని తేల్చారు. అంతేనా?"

నేను బెంచీ మీద తలుపు దిక్కు జరిగిన.

"సగమే సార్" అన్నది వనిత. "ఆయన ఒక్క కాగితం రాసిన నాడు అది పోయింది. ఎవ్వలు జవాబు చెప్పలే. కాగితం పోదన్న నమ్మకం లోపలోళ్లు ఇయ్యకుంటె, బయటోళ్లు ఐదు కాపీలు రాస్తనే ఉంటరు. ఐదు రాసినన్ని దినాలు లోపల ఆగుతనే ఉంటది. రెండు దిక్కుల సూసిన సార్ నేను."

ఆయన ఏమన్నడో వినవడలే. జానకి మేడం మాత్రం బయటికొచ్చి నన్ను సూసి, "మీరేనా పోచయ్యగారు? లోపలికి రండి, ఆయన మీ నోటుబుక్కు చూస్తారట" అన్నది. పదో తరగతి తప్పినోన్ని, నాకు ఎమ్మే వైవాల కుర్చీ ఏసిన్రు. పెద్దాయన పేజీలు తిప్పుకుంట, ఆ వాపసొచ్చిన రెండు ఎందుకొచ్చినయో అడిగిండు. చెప్పిన. ఆయన రాసుకున్నడు.

జూన్ ఇర్వై ఏడుకు రిజల్టొచ్చింది. వనిత పాసయింది. గడువుకు మూడు దినాల ముందు.

ఇగ మీకు చెప్పేది ఒక్కటే. మీ దగ్గర ఆఫీసు తీరు వేరే ఉండొచ్చు, గని దరఖాస్తు రాసేముందు ఈ పని ఏ సెక్షన్లదని కిటికీ కాడ అడగున్రి. గాళ్లకే ఒక్కటి రాయున్రి, ముద్దరేసిన కాపీ మీ దగ్గర పెట్టుకోన్రి. మీకు తెలిసినోళ్లల్ల ఎవలన్న దరఖాస్తు పెట్టి ఎదురుసూస్తుంటె, ఈ ముచ్చట గాళ్లకు జర పంపున్రి. ఒక్కరికే పంపినా సాలు.