రాగి బిందె నీళ్ళు

యుద్ధం ముగిసిన ఏడు బెజవాడ గవర్నరుపేటలో సుబ్బరత్నం, అమలమ్మ ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉండేవారు. సుబ్బరత్నం భర్త సంజీవరావుది బట్టల వ్యాపారం. అమలమ్మ మిషను బడిలో టీచరు, భర్త పోయినావిడ. తమ్ముడు మద్రాసు నుంచి తెచ్చిచ్చిన ఎర్రచేపలు నాలుగు ఆవిడ గదిలో గాజుతొట్టెలో తిరుగుతుండేవి. మధ్యాహ్నం పనులు తెమిలాక సుబ్బరత్నం గడప ఇవతల కూర్చుని వాటినే చూసేది. లోపలికి మాత్రం వెళ్ళేది కాదు. రమ్మని పిలవడం అమలమ్మ ఎప్పుడో మానేసింది.

గన్నవరంలో కూతురి పురిటికి వెళ్తూ అమలమ్మ తొట్టెను సుబ్బరత్నం వసారాలో పెట్టించింది. పక్కనే కాలువ నీళ్ళ కుండ కూడా పెట్టించింది. రోజూ తొట్టెలోంచి రెండు చెంబులు తీసి, కుండలో తేరిన నీళ్ళు రెండు చెంబులు పొయ్యమంది. నీళ్ళన్నీ ఒక్కసారిగా మార్చవద్దని మరీ మరీ చెప్పింది. సుబ్బరత్నం సరేనంది.

తీరా చూస్తే ఆ నీళ్ళు పచ్చగా, అడుగున నాచుతో ఉన్నాయి. నాచు ఒక్కటే అయితే ఓర్చుకునేదేమో. అవి అమలమ్మ ముట్టిన నీళ్ళు. తాను మడి కట్టుకుని తిరిగే వసారాలో అవి ఉండటం ఆమెకు మింగుడు పడలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, తనకు తాను కూడా నాచే కారణమని చెప్పుకుంది. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమిన రాగి బిందెల్లో రాత్రంతా నిలవుంచిన నీళ్ళకంటే శుద్ధమైనవి ఏముంటాయి? పొద్దున్నే చేపల్ని పాత నీళ్ళతో సహా ఒక బానలోకి దింపి, మిగతావి పారబోసి, తొట్టెను రుద్ది కడిగి, బిందెలు వంచింది. మూడు చేపలు చెంబులో దొరికాయి, తొట్టెలో వేసింది. నాలుగోది ఎంతకీ చిక్కక బానలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి మూడు చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని రొప్పసాగాయి. పొద్దు వాలేసరికి వెల్లకిలా తేలాయి. బానలోది మాత్రం హుషారుగానే తిరుగుతోంది. ఒక్కటైనా తొట్టెలో కనబడితే తన మొహం చెల్లుతుందనుకుని దాన్నీ అందులోకే వదిలింది. తెల్లారి చూస్తే అదీ చచ్చి ఉంది. చేపలకు ఏ జబ్బూ లేదని, తను పోసిన నీళ్ళే వాటిని చంపాయని అప్పుడు ఆమెకు అర్థమైంది.

అమలమ్మ తిరిగొచ్చిన రోజున సుబ్బరత్నం తల వంచుకుని, మీరు చెప్పినట్టే చేశాను, ఏం తెగులో తెలియదు అంది. అమలమ్మ ఆమెను తప్పు పట్టలేదు. పైగా, శ్రమ ఇచ్చానని తనే నొచ్చుకుంది. వసారాలో ఎండకు చేపలు తాళలేకపోయి ఉంటాయని తీర్మానించుకుంది. ఆ మంచితనం సుబ్బరత్నానికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

తొట్టె మళ్ళీ అమలమ్మ గదికి చేరింది. ఆ తర్వాతి ఆదివారం గన్నవరం నుంచి అల్లుడు చెరువు చేపపిల్లల్ని రెండింటిని డబ్బాలో వేసి పంపించాడు. తొట్టె నిండా నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని అమలమ్మ డబ్బా వంచబోయింది. గడప దగ్గర నిలబడి చూస్తున్న సుబ్బరత్నం ఒక్క అంగలో లోపలికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వెయ్యకండి టీచరుగారూ. అవి కాలువ నీళ్ళు కావు, మా రాగి బిందె నీళ్ళు. వాటికే చచ్చాయండి మీ చేపలు."

అమలమ్మ తన మణికట్టు మీదున్న ఆ చేతిని చూసింది. "కుండలో నీళ్ళు అయిపోయాయా?"

"లేదండీ." సుబ్బరత్నం పట్టుకున్న చెయ్యి వదిలేసింది. "మీరు ముట్టినవని తొట్టెలో నీళ్ళన్నీ పారబోశాను."

అమలమ్మ డబ్బాను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"రాగి నీళ్ళకు చేపలు చస్తాయని నాకూ తెలీదమ్మా," అంది. "ఆ అంటు సంగతి మాత్రం తెలుసు."

తిట్టినా బాగుండేదనిపించింది సుబ్బరత్నానికి. ఇద్దరూ చెరో పక్క పట్టి తొట్టెను పెరట్లోకి మోసి, ఆ నీళ్ళు ఒంపేసి, మూడుసార్లు కడిగి, కాలువ నీళ్ళు పోశారు. అంతసేపూ సుబ్బరత్నం ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయింది. చేపపిల్లలు బతికాయి.

ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. సంజీవరావు ఏమైందని అడిగితే, టీచరుగారి చేపలు నా చేతిలో చచ్చిపోయాయని మాత్రం చెప్పింది. చేపలకోసం ఇంత ఏడుపేమిటని ఆయన నవ్వి, విస్తరి ముందునుంచి లేచాడు.