అడ్డా ఫోటోలు

రామ్‌దాస్‌కు పెళ్లి ఫోటోలు తీయడం వచ్చు. పసిపిల్లలను తీయడం వచ్చు. చచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తీయడమూ వచ్చు. గుర్రాలను తీయమని మాత్రం అంతకుముందు ఎవరూ అడగలేదు. అడిగింది టాంగా తోలే దస్తగిర్ కాకపోతే, నిజామాబాద్‌లోని స్టూడియోకు తాళం వేసి బోధన్‌కు పోయేవాడూ కాదు. రామ్‌దాస్ భార్య రుక్మాబాయికి బోధన్‌లోని పుట్టింట్లో ప్రాణం మీదికి వచ్చినప్పుడు, కుండపోత వానలో ఆమెను టాంగాలో ఆసుపత్రికి చేర్చింది దస్తగిర్. ఆమె దక్కలేదు. అది టాంగా తప్పు కాదు.

బోధన్ స్టేషన్ ముందర గుర్రపు టాంగాలు నిలిచే అడ్డాను ఎత్తేసి, ఆ జాగాను లారీలకు ఇవ్వాలని కొత్తగా వచ్చిన అధికారి తలపెట్టాడు. టాంగాలు ఇంకా ఎక్కడున్నాయి అన్నాడు. ఉన్నాయని దస్తగిర్ మొత్తుకుంటే, ఒక్కొక్కరూ తమ గుర్రంతో దిగిన ఫోటో తెచ్చి చూపించమన్నాడు. బుధవారం డాక్ బంగ్లాకు వచ్చి తేల్చేస్తానన్నాడు. అడ్డా పోతే రైలు దిగినవాళ్లు రిక్షా ఎక్కుతారు. ఇక గుర్రాన్ని అమ్ముకోవడమే.

రామ్‌దాస్ కెమెరా మోసుకుని రోజుల తరబడి తిరిగాడు. ఒకరిని స్టేషన్ దగ్గర, ఒకరిని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు, ఒకరిని శక్కర్‌నగర్ సందులో. పని చేస్తుండగా తీస్తానంటే ఒక్కడూ ఒప్పుకోలేదు. తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని, గుర్రం నుదుటి మీద ఎర్ర కుచ్చు వేలాడదీసి, కళ్లెం పట్టుకుని కొయ్యబారి నిలబడ్డారు. వాళ్ల మొహాల్లోని బిగువు సడలించడానికే ఆయన ఓపికంతా అయిపోయింది.

బుధవారం పొద్దున, ఆరిన ఫోటోలను తీగ మీది నుంచి తీస్తుంటే ఒక గుర్రం చెవి కొన చీలి కనిపించింది. పక్క ఫోటోలోనూ ఆ చెవి చీలే ఉంది. దాని పక్కదానిలోనూ. మనుషులు వేరు, అంగీలు వేరు. గుర్రం మాత్రం ఒక్కటే. బతుకంతా మొహాలు తప్ప మరేమీ చూడని తన కళ్లను తిట్టుకుంటూ రామ్‌దాస్ మొదటి బస్సు పట్టుకున్నాడు.

అడ్డా చేరగానే, పెళ్లి బరాతులకు గుర్రాన్నిచ్చే గులాం పక్కన అదే చీలిన చెవి కనిపించింది. ఫోటోలు దస్తగిర్ మొహం ముందు ఆడించాడు.

"గిదేంది దస్తగిర్? అందరి పక్కపొంటి గులాం గుర్రమే నిలవడ్డది!"

గులాం పకపకా నవ్వాడు. "కనిపెట్టినవా అన్నా! నీకు గుర్రమైనా గాడిదైనా ఒక్కటే అనుకుంటిమి!"

"నవ్వకు గులాం. కొంప మునిగింది" అన్నాడు రామ్‌దాస్.

"మా గుర్రాలను సూసినవా నువ్వు?" అన్నాడు ఇంకో టాంగావాలా బాలనర్సయ్య, తన బక్క గుర్రాన్ని చూపిస్తూ. "బొక్కలు దేలినయి. ఫోటోల గిది పడ్డదంటె నా వియ్యంకుడు ఊరంత డప్పు గొడ్తడు. ఇజ్జత్ ఉండొద్దా?"

"ఇజ్జత్‌ను కట్టేస్తవా టాంగాకు?"

దస్తగిర్ తన గుర్రం భుజం మీది గోనెపట్ట ఎత్తాడు. పట్టీ రాపిడికి అరచేతంత పుండు. ఈగలు ముసిరాయి.

"పోయినేడు గిసొంటి పుండు సూసే ఒకని లైసెన్స్ గుంజుకున్నరు అన్నా. నీ ఫోటోల గిది వస్తె నా గతేంది? అందరివీ గిట్లనే ఉన్నయి."

రామ్‌దాస్ నెత్తి కొట్టుకున్నాడు. "ఫోటోల ఒక్క దిక్కే పడ్తదిరా! పుండు ఎడమ దిక్కుంటె కుడి దిక్కు తిప్పి తీస్తుంటి గద! ఒక్క మాట చెప్తె నోరు పడిపోతుండెనా?"

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"అయితె ఇప్పుడు తియ్యి" అన్నాడు బాలనర్సయ్య.

"కడిగేదెప్పుడు, ఆరేదెప్పుడు? సాబు వచ్చి కూసున్నడు. ఫోటోలు చింపి పారేసి గుర్రాలనే తోలుకపోదాం పదుండ్రి."

ఒక్కడూ కదలలేదు. ఎదురుగా నిలబెడితే గుర్రానికి రెండు పక్కలూ ఉంటాయి మరి.

"సాబు చెవులు సూస్తడా అన్నా?" అన్నాడు దస్తగిర్ మెల్లగా. "నువ్వే సూడలేదు."

రామ్‌దాస్ ఫోటోలను చింపకుండా పేర్చుకుని వాళ్ల వెంట బయల్దేరాడు.

డాక్ బంగ్లాలో అధికారి ఫోటోలను ఒక్కొక్కటే తిరగేశాడు. చెవులు చూడలేదు. దస్తగిర్ అన్నదే నిజమైంది. అంతటితో అయిపోయేదే. కానీ బాలనర్సయ్య ఫోటో దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"గుర్రం దిట్టంగా ఉందే! ఏం పెడతావయ్యా దీనికి?"

బాలనర్సయ్య చేతులు కట్టుకున్నాడు. "గడ్డి సాబ్. ఏదుంటె గది."

గోడ పక్కన నిలబడ్డ గులాం మొహం మాడిపోయింది. తాను తిన్నా తినకున్నా ఆ గుర్రానికి ఏనాడూ లోటు చేసినవాడు కాదు.

"గడ్డెక్కడిది సాబ్! ఉలవలు! ఉడకబెట్టిన ఉలవలల్ల బెల్లం కలిపి పెడ్త! వాని మొహానికి గంత గుర్రమా?"

"నువ్వు పెడతావా? ఎవరిది ఈ గుర్రం?"

"నాదే సాబ్" అన్నాడు గులాం, రొమ్ము విరుచుకుని. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

అధికారి ఫోటోలను మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఈసారి మనుషులను వదిలేసి చూశాడు. తర్వాత వాటిని సమంగా పేర్చి రామ్‌దాస్ చేతికి ఇచ్చాడు.

"ఒక్క గుర్రానికి అంత జాగా ఎందుకయ్యా?"

కాదు, గుర్రాలున్నాయి, వచ్చి చూడమని రామ్‌దాస్ గొంతు చించుకున్నాడు. దొంగ ఫోటోలు తీసేవాడి మాట వినేంత తీరిక తనకు లేదని చెప్పి ఆయన జీపు ఎక్కాడు. అడ్డా ఎత్తేసే కాగితం మీద సంతకం లోపలే అయిపోయింది.

బయట గులాం ఏదో చెప్పబోయాడు. రామ్‌దాస్ వినలేదు. ఎండలో బస్టాండు దారి పట్టాడు. వెనక నుంచి దస్తగిర్ టాంగా తోలుకుంటూ వచ్చాడు.

"ఎక్కు అన్నా. దింపుత."

"నడుస్త."

"నా మీద గుస్సనా?"

రామ్‌దాస్ నడక వేగం పెంచాడు. టాంగా ఆయన పక్కనే నడిచింది. మూటతో ఉన్న ముసలమ్మ ఒకామె చెయ్యెత్తింది. "టేషన్‌కు వస్తవా బిడ్డా?"

"ఖాళీ లేదవ్వా" అన్నాడు దస్తగిర్, ఖాళీ టాంగాలో కూర్చుని.

రామ్‌దాస్ గిర్రున తిరిగాడు. "ఎక్కించుకో ఆమెను! రేపటి సంది ఎవరెక్కుతరు నీ టాంగ?"

ఫోటోలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచాడు. వెనక టాంగా ఆగిందో లేదో చూడలేదు.