అంతర్ కుండలో కోడిమాంసం

చర్చి పెట్టిన పెద్ద ఉపవాసం యాభై అయిదు రోజులు. అన్ని రోజులూ ఆ ఇంట్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అయినా ఇరీని రోజూ పొద్దున్నే రెండు కోళ్లు ఉడకబెడుతుంది, అంతర్ కోసం. అంతర్ అంటే ఆమె భర్త వగ్దీ ముచ్చటపడి తెచ్చిన గ్రేట్ డేన్ కుక్క. పది నెలలకే దూడంత అయింది. షుబ్రా పేటలో నాలుగో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో దూడను పెంచాలనుకునే బుద్ధిమంతుడు వగ్దీ తప్ప ఇంకెవరుంటారు?

"ముచ్చట నీది, చాకిరీ నాది" అని ఆమె రోజుకోసారైనా అంటుంది. అనదూ మరి? రెండు పూటలా వండి పెట్టాలి. తిన్నాక కడుపు మెలిపడకుండా, గంటసేపు గెంతనివ్వకుండా కాపలా కాయాలి. గోడల మీద చొంగ తుడవాలి. పైగా ఉపవాసమున్న మనిషికి ఆ కోడి వాసన నరకం. అందుకే ఎముకలు తీసేసి, కుండ బాల్కనీలో చల్లారబెట్టి, బజారుకు పారిపోతుంది. వచ్చాక అటు చూడకుండానే అన్నం కలిపి గిన్నెలో బోర్లిస్తుంది.

మూడు వారాలకు పశువుల డాక్టరు అంతర్‌ని తూచాడు. పెరగాల్సింది పోయి రెండు కిలోలు తగ్గింది.

"పెద్ద జాతి కుక్కమ్మా, ఎముకలు ఎదిగే వయసు. మాంసం తగ్గిస్తే కాళ్లు నిలవవు" అన్నాడు.

ఇంటికొచ్చి వగ్దీ విరుచుకుపడ్డాడు. "నీతోపాటు దాన్నీ ఉపవాసం ఉంచుతున్నావా? దానికి బాప్తిస్మం ఇవ్వలేదే!"

ఇరీనికి ఒళ్లు మండిపోయింది. రోజూ రెండు కోళ్లు ఉడికించి ఈ మాట పడాలా? మర్నాడు సంచీ తీసుకుని బయటికెళ్లినట్టే వెళ్లి, మెట్ల మీద కాసేపు కూర్చుని, చప్పుడు కాకుండా తిరిగొచ్చింది.

బాల్కనీలో చొక్కా చేతులు పైకి మడుచుకుని కుండ ముందు కూర్చున్నాడు ఆమె మామగారు బిశారా. అరవై ఏళ్లుగా ఒక్క ఉపవాసం తప్పని మనిషని చర్చిలో పేరు. పక్కనే అంతర్ చొంగ కారుస్తూ తన వంతు కోసం బుద్ధిగా చూస్తోంది.

"మామయ్యా!"

"అరవకే తల్లీ, కిటికీలు తెరిచున్నాయి."

"మీకు ఒంట్లో రక్తం లేదు, మాంసం తినమని మీ డాక్టరు చెప్పాడు. పర్వాలేదు తినమని మన చర్చి గురువు అబూనా కూడా చెప్పాడు. నేను వండి పెడతానంటే నా మీద కేకలేశారు. ఇప్పుడు కుక్క కూటికి ఎగబడ్డారా?"

"నువ్వు పెడితే అందరూ చూస్తారు కదే. చర్చిలో కుర్రాళ్లకి ఇన్నేళ్లు ఉపవాసం గురించి పాఠాలు చెప్పిన నోరు ఇది."

ఆమెకు కోపం, జాలి ఒక్కసారే ముంచుకొచ్చాయి. తిట్టడానికి నోరు తెరిచేలోపే కింద తన దుకాణం నుంచి వగ్దీ పైకొచ్చాడు. ముసలాయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

వగ్దీ కుండలోకి తొంగిచూశాడు. "అదుగో, సగం ఖాళీ! ఎవరికి పంచిపెడుతున్నావ్ ఇరీనీ?"

ఆమె మామగారి వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"అవును, నేనే తగ్గించాను. రేపట్నుంచి ఇంకో కోడి వేస్తాను, సరేనా?" అంది పళ్లు కొరుకుతూ.

"సిగ్గు లేదూ? నోరులేని జీవాన్ని మాడుస్తావా? నువ్వసలు..."

"నోరు ముయ్యరా!" అన్నాడు బిశారా. దాచిన చెయ్యి ముందుకు చాపాడు. అందులో సగం కొరికిన కోడి ముక్క ఉంది. "దాన్ని మాడ్చింది నేను. మూడు వారాలుగా తింటున్నాను. మీ ఆవిడని ఇంకో మాటన్నావంటే చూడు."

ముసలాయన మెల్లగా లేచి లోపలికొచ్చి, అందరూ తినే బల్ల దగ్గర కూర్చున్నాడు.

"పళ్లెం ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు కోడలితో. "కాస్త ఉప్పు కూడా తీసుకురా. కుక్క వంటలో ఉప్పు వెయ్యవు కదా, మూడు వారాలుగా ఆ చప్పిడి కూడు తినలేక చస్తున్నాను."